సన్నబడిన చోట

నిన్న సాయంత్రం నాలుగూ పదికి మా అపార్ట్‌మెంటు గేటు పక్కన కొబ్బరిమట్ట ఒకటి రాలింది. వాచ్‌మన్ దాన్ని పక్కకి లాగి తన పనిలో పడ్డాడు. నేను మాత్రం అక్కడే నిలబడి చెట్టుని కింది నుంచి పైదాకా చూశాను, కాండం ఎక్కడైనా సన్నబడిందేమోనని. సమంగానే ఉంది. అయినా దాని కింద నుంచి వెళ్లలేక చుట్టు తిరిగి వచ్చాను. నాన్న పోయాక ఈ భయం తగ్గుతుందనుకున్నాను.

భీమవరం దగ్గర మా తోట, అందులోనే మా ఇల్లు, కాలువ చిట్టచివర ఉండేవి. వేసవిలో కట్టేసిన కాలువకి మళ్లీ నీళ్లు వదిలాక, తొలి కాయల దింపుకి చెట్టెక్కిన మనిషి చేత ఆకుల మొదళ్ల కింద ఒక సున్నపు గీత పెట్టించేవారు నాన్న. కింద నుంచి చూస్తే ఏ ఏడు ఎంత ఎదిగిందో తెలిసేది. ఊళ్లో ఇంకెవరికీ ఈ అలవాటు లేదు. కన్నపిల్లల ఎత్తు ఒక్కసారీ కొలవని మనిషి చెట్లకి కొలుస్తున్నారని అమ్మ దెప్పేది. వంటింటి వసారా మీదికి వాలిన చెట్టుకి ఒకచోట ఆ గీతలు బాగా దగ్గరపడ్డాయి. పక్క చేలన్నీ రొయ్యల చెరువులై, మా నూతి నీళ్లు ఉప్పెక్కిన తొంభైల నాటి గీతలవి. అక్కడ కాండం కూడా మెడలా సన్నబడింది. తర్వాత రొయ్యలకి జబ్బు వచ్చి చెరువులు పాడుబెట్టారు. వానలకి నూతి నీళ్లు మళ్లీ తాగేలా అయ్యాయి. పస్తున్న పిల్లాడికి పెట్టినట్టు నాన్న ఆ చెట్టుకి విడవకుండా నీళ్లు పెట్టారు. మెడ పైన కాండం లావెక్కింది, గెలలు విరగకాశాయి. వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. దింపు మనిషి మాత్రం మెడ దాకా ఎక్కి, అరచేత్తో తడిమి, దిగొచ్చేశాడు. "ఆయ్, మీ కాయలు మీకే ఉంచండి బాబూ, నా పేణం నాకుంచండి" అన్నాడు.

రాజమండ్రి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే బాబాయి సెలవులకి వచ్చి ఆ చెట్టు చూశాడు. నీళ్లు ఉప్పెక్కినా చాలకపోయినా చెట్టు ఆకుల్లోని రంధ్రాలు మూసుకుని, ఉన్న కాస్తతో బతుకుతుందని, ఎదుగుదల మానుకోవడమే అందుకు ఖరీదని చెప్పాడు.

"అన్నయ్యా, వేపచెట్టయితే బెరడు కింద ఏటేటా కొత్త చెక్క వేసుకుని లావెక్కుతుంది. కొబ్బరికి అది లేదు. ఆ ఏళ్లలో ఎంత సన్నగా పెరిగిందో చచ్చేదాకా అంతే. నువ్వు పెట్టే నీళ్లన్నీ తలనే బరువెక్కిస్తున్నాయి."

"అంటే నీళ్లు పెట్టడం నా తప్పంటావేంట్రా?"

అమ్మ ఆ పూటే పొయ్యి ముందుగదిలోకి మార్చింది.

కాసే చెట్టుని కొట్టించడానికి నాన్న ఒప్పుకోలేదు. పడితే పెంచినవాడి మీదే పడనివ్వండని, మధ్యాహ్నం నిద్రకి నవారు మంచం సరిగ్గా ఆ వసారాలోనే వాల్చుకునేవారు. నేను కాలేజీ నుంచి వస్తూ, బస్సు మలుపు తిరగగానే మా పెంకుల మీద ఆ చెట్టు తల కనిపిస్తోందా లేదా అని చూసేదాన్ని. కనిపించాకే ఊపిరి ఆడేది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం గాలి పట్టింది. చెట్టు తల ఒక పక్కకి ఊగితే మెడ మరో పక్కకి వంగుతోంది. నాన్న మంచం మీదే ఉన్నారు. అమ్మ కత్తిపీట, బెండకాయలు తెచ్చుకుని ఆ మంచం పక్కనే కూర్చుంది.

"లోపలికెళ్లు" అన్నారు నాన్న.

"మీరు లేస్తే లేస్తానండి."

ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పడుతున్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. నాన్న చాలాసేపు పైకి చూశారు. ఆమెని చూశారు. లేచి మంచం ఎత్తారు.

గాలి తగ్గిన మర్నాడు మోకులు కట్టి చెట్టుని తోటవైపు కూల్చారు. నేలని తాకగానే సరిగ్గా మెడ దగ్గర రెండుగా విరిగింది. అమ్మ చెట్టు తల లోపలి లేత మొవ్వు తరిగి ఇరుగుపొరుగుకి పంచింది. తియ్యగా ఉందన్నారు అందరూ. నాన్న ముట్టలేదు, విరిగినచోట పీచుని బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత చాలాకాలం బతికి, తన మంచం మీదే నిద్రలో పోయారు.

మేము భయపడింది ఆ ఆషాఢంలో. చెట్టు సన్నబడింది దానికి ఎన్నో ఏళ్ల ముందు, గీతలు పెట్టిస్తూ కూడా మేమెవరమూ పట్టించుకోని రోజుల్లో. మరుసటి ఏడు దింపు మనిషి సున్నం కలపమంటారా అని అడిగితే నాన్న వద్దన్నారు. ఆ తోటలో ఇప్పుడు చెట్లకి గీతలు పెట్టడం లేదు.