చెంబులో గాలి

చెంబు నిండా గాలి ఉంటుందంటే పిల్లలు నవ్వారు. చూపించడానికి బడిలో ఏ పరికరమూ లేదు. మాస్టరుగా, పిల్లల నోట ‘మిస్యే’గా, అది నా మొదటి నెల, ఉద్యోగమే మానేద్దామనుకున్నాను.

మా దీవిలోని మోకా స్టేషనులో రైలు కోసం చూస్తూ, పక్కన కూర్చున్న, చెరకుతోటలో పనిచేసే అవ్వకు ఈ మాట చెప్పాను. ఆమె తన చెంబులో పొడిగుడ్డ కుక్కి, బోర్లించి, నీళ్లతొట్టిలో నిలువునా ముంచి తీసింది.

"గుడ్డ పట్టి చూడు, నాయనా."

తడవలేదు.

"లోపలి గాలి నీళ్లని రానివ్వలేదు," అన్నాను.

"నాకెందుకు చెబుతావు? పిల్లలనే చెంబు ముంచనీ. నువ్వు మాట్లాడకు."

మర్నాడు అలాగే చేశాను. అందరికన్నా గట్టిగా నవ్విన పిల్ల గుడ్డను చెంపకు ఆనించుకుని, "మిస్యే, గాలి అడ్డం నిలబడింది," అంది.

పరికరాలు లేవని ఆ తర్వాత నేనెవరికీ ఫిర్యాదు చేయలేదు.