ధర్నాకి గంపలతో వచ్చారు

స్వైన్ ఫ్లూ రోజులు కదా, జనం గుమిగూడకూడదని మా వీధి చివరి చేపల బజారు మూయించారు. మా బావకి ఒళ్లు మండింది. స్టీల్‌ప్లాంటు యూనియన్‌లో తిరిగిన మనిషి. ఈ రోజు పొద్దున్నే చేపలమ్మే ఆడవాళ్లందరినీ కూడగట్టి, వార్డు ఆఫీసు ముందు టెంటు వేయించి ధర్నాకి దిగాడు. తల ఒకటి ఎక్కువ కనిపిస్తుందని నన్నూ లాక్కెళ్లాడు.

అందరూ వచ్చారు, చేపల గంపలతో సహా.

“గంపలు కూడా తెచ్చీసారేటి అప్పాయమ్మా? ఇది ధర్నా” అన్నాడు బావ.

“ఇంటికాడ ఒగ్గేసి వత్తే పిల్లులు తినేత్తాయి బాబూ. అయ్యేటి సేత్తాయి, పక్కనుంటాయి. నువ్వు నినాదాలు సెప్పు” అంది అప్పాయమ్మ.

బావ మైకులో “చేపల బజారు” అనగానే చేపలెక్కడున్నాయో చుట్టుపక్కల వీధులన్నింటికీ తెలిసిపోయింది. కాసేపటికే సంచులు పట్టుకుని జనం దిగారు. “తెరవాలి” అని అరవాల్సిన వాళ్లు మొప్పలెత్తి చూపించడంలో పడ్డారు. చివరికి మాస్కు పెట్టుకున్న అధికారి ఒకాయన బయటికొచ్చి, రేపటి నుంచి బజారు తెరుచుకోమని చెప్పి, ఓ వంజరం బేరమాడి పట్టుకెళ్లాడు.

“గెలిచీసాం, టెంటు విప్పండి” అన్నాడు బావ. ఎవరూ కదల్లేదు.

“ఆ బజార్లో ఇంతమందెప్పుడొచ్చారు బాబూ? టెంటు ఉండనీ. రేపు ఇంకోటేటైనా అడుగుదాం” అంది అప్పాయమ్మ.

బావ ఇప్పుడు మా ఇంట్లో చేపల పులుసు తింటూ, రేపటికి డిమాండు వెతుక్కుంటున్నాడు. మీకేదైనా తోస్తే కాస్త చెప్పండి, తొందరగా తీరనిదైతే మంచిది.