దారిలో పోసిన కషాయం పిప్పి

1952. మలయాలో ఎమర్జెన్సీ రోజులు, అడవిలో కమ్యూనిస్టులకీ ఇంగ్లీషు దొరల సర్కారుకీ పోరు. బటాంగ్ బెర్జుంటై దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో నేను డ్రెస్సర్‌ని. అంటే డాక్టరు ఎప్పుడో వచ్చిపోతే, మిగతా రోజులన్నీ ఆస్పత్రి నడిపేవాణ్ణి. కూలీల ఇళ్ల వరసల చుట్టూ ముళ్లకంచె. పొద్దుగూకితే కర్ఫ్యూ. గడప దాటితే కాపలావాళ్లు కాల్చేస్తారని భయం.

రబ్బరు చెట్లు గీసే అప్పలసామికి కుడి పక్కటెముకల కింద గడ్డ రాయిలా తగిలేది. కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. కాళ్లకు ఎడిమా, అంటే వేలితో నొక్కితే పడిన గుంట పూడని వాపు. పెద్దాస్పత్రివాళ్లు లివర్ కాన్సర్ అని చెప్పి ఇంటికి పంపేశారు.

భార్య నరసమ్మ చీనా నాటువైద్యుణ్ణి, సిన్సేని, పట్టుకుంది. నాకు ఒళ్లు మండి ఆయన్నే నిలదీశాను. "మీ మందుకు గడ్డ కరుగుతుందా?"

"కరగదు. కాస్త తింటాడు, కాస్త నిద్రపోతాడు," అన్నాడాయన.

నా దగ్గర అంతకంటే ఏముంది గనక? నరసమ్మను కాచి పొయ్యమన్నాను.

అయితే ఆ మందుకో ఆచారం ఉంది. కాచి వడగట్టాక మిగిలిన వేళ్ల, బెరళ్ల పిప్పిని నలుగురూ నడిచే దారిలో పొయ్యాలి. తొక్కినవాళ్లు రోగాన్ని తీసుకుపోతారట. దిష్టి తీసిన నిమ్మకాయ కనబడితేనే ఆమడ దూరం జరిగే మనవాళ్ల మధ్య పోస్తే ఇంకేముంది! తెల్లారి పనికి పోయేవాళ్లంతా గడ్డిలోకి దిగి చుట్టూ తిరిగి పోయేవారు. కోళ్లు కూడా ఆ నల్ల కుప్ప జోలికి వెళ్లేవి కావు. అటు చూస్తే నాకూ ఒళ్లు జలదరించేది.

అప్పలసామి మంచం కిటికీ పక్కనే. నేను వెళ్లగానే అదే ప్రశ్న.

"ఎవులైనా తొక్కినారా, డ్రెస్సరయ్యా?"

"ఇంకా లేదు."

"మరి నాను బతకనేటి?"

ఒక సాయంత్రం తమ్ముడు సింహాచలానికి ఉక్రోషం వచ్చింది. "ఎవులూ తొక్కకపోతే రేపు పొద్దున్నే నానే తొక్కేత్తాను! అన్న బతకాల."

అప్పలసామి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు సింహాచలం లేచేసరికే కుప్ప మధ్యలో ఒక పాదం ముద్ర ఉంది. కర్ఫ్యూలో ఎవరు తిరిగారు? కాపలావాడు ఎవరినీ చూడలేదన్నాడు. ముద్ర ఉబ్బుగా, వేళ్ల మధ్య సందే లేకుండా, మనిషి పాదంలా లేదు. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుపోయారు. నరసమ్మ మాత్రం ఏడుస్తూనే నవ్వుతోంది. "ఎవులో పున్నాత్ముడు తొక్కినాడు! మా ఆయన బతికినట్టే!"

లోపలికెళ్లి, రోజూలాగే వాపు చూద్దామని దుప్పటి ఎత్తాను. అప్పలసామి అరికాలికి బెరడు ముక్కలు అంటుకుని ఉన్నాయి. మంచం దిగలేని మనిషి!

"సెప్పకయ్యా," అని గొణిగాడు. "సిన్నోడు అన్నాడంటే సేసేత్తాడు. ఆడికి మొన్నే కదా పెళ్లైనాది. నా రోగం నానే తెచ్చేసుకున్నాను."

నరసమ్మ రాకముందే తడిగుడ్డతో ఆ పాదం తుడిచేశాను. వారం తిరక్కుండానే అతను పోయాడు.

మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చింది, కంచెలు పోయాయి, నేనూ రిటైరయ్యాను. నొప్పి ఎక్కడని రోగిని అడగడం చదువులో నేర్పారు. ఎవరి గురించి భయపడుతున్నావని అడగడం అప్పలసామి దగ్గర నేర్చుకున్నాను. మొదటిదానికి రోగులు చెయ్యి పెట్టి చూపిస్తారు. రెండోదానికి మాత్రం, గదిలో ఎవరున్నారో ఓసారి చూసుకుని, అప్పుడు చెబుతారు.