ఊపి చూసిన బూట్లు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మా మరిది సంగతి చెబుతాను.

గింజ నిండిందో లేదోనని వేరుశనక్కాయను ఊపినట్టు, ఏ వస్తువు కొన్నా చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. కూతురు పోలీసు ఉద్యోగం కోసం పరుగు మొదలుపెడతానంది. తెల్లారకముందే పిల్ల ఒంటరిగా ఎట్లా పోతుందని, ఎప్పుడో బండి మీద నుంచి పడి మోకాలు విరిగిన మనిషి తానూ పరిగెత్తుతానన్నాడు.

కళ్యాణదుర్గంలో చవక బూట్ల అంగడికి నన్నూ తీసుకుపోయాడు. జత జతనూ ఊపాడు.

"ఏమప్పా, బూట్లో గింజలు వెతుకుతాండావా?" అన్నాడు అంగడాయన.

"నవ్వొద్దన్నా. పాత మోకాలు, మడమ కింద మెత్తగా ఉండాల," అంటూ బొటనవేలితో నొక్కి నొక్కి ఒక జత తీసుకున్నాడు.

నాలుగు రోజులు పరిగెత్తాడు. ఐదో రోజు మోకాలు వాచి, దారి పక్క రాయి మీద కూలబడ్డాడు.

"నువ్వు పో తల్లీ, నేను ఈడ్నే ఉంటా."

ఆ తర్వాత కూడా రోజూ బూట్లు తొడుక్కుని, పిల్ల తిరిగొచ్చేదాకా ఆ రాయి మీదే కూర్చునేవాడు.

పిల్లకు ఉద్యోగం రాకముందే గుండె ఆగి పోయాడు. యూనిఫాంతో ఇంటికొచ్చిన పిల్ల, అరగని ఆ బూటు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నేను చూడలేకపోయాను.

మీ పిల్లలు తిరిగొచ్చే దారిలో వాళ్ల కోసం కూర్చున్న మనిషి చల్లగా ఉండాలి తల్లీ.