ఉప్పు చెప్పేవాళ్ళు

మా ఆయన పోయాక వచ్చిన మొదటి ఎండాకాలంలో ఆవకాయ వ్యాపారం పెట్టాను. డబ్బు కోసం కాదు. నర్సుగా చేసి రిటైరయ్యాను, పెన్షనుంది. ఇంట్లో మనుషుల అలికిడి కోసం పెట్టాను. బెంజ్ సర్కిల్ వెనక సందులో ఇల్లు. బయట అంత రొద, లోపల పలకరించే దిక్కు లేదు. చెబితే నవ్వుతారు గానీ, కొన్నాళ్ళు టీవీలో వార్తలు చదివేవాళ్ళతో పోట్లాడాను.

మా చర్చి ఆడవాళ్ళు నలుగురు పొద్దున్నే వచ్చేవారు. ఒకరు కాయలు తుడిచేవారు, ఒకరు ముక్కలు కొట్టేవారు, మిగతా ఇద్దరూ జీడి తీస్తూ ఊళ్ళో కోడళ్ళందరి సంగతీ తేల్చేసేవారు. కలపడం మాత్రం నాదే. కంకిపాడులో మా అమ్మ నేర్పిన పద్ధతొకటుంది. కలిపిన మనిషి ఉప్పు తేల్చకూడదు. కారం ఘాటుకు ఆమె నాలుక మొద్దుబారిపోయి ఉంటుంది. జాడీలకెత్తాక బేసిన్‌కు అంటుకున్న గుజ్జులో ఇంకొకరు వేడన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టాలి. ఆఖరి ముద్దను ఆవకాయ కలిపినామె చేతిలో పెట్టి ఉప్పు సంగతి చెప్పాలి. తగ్గితే మూడోనాడు తిరగ కలిపేటప్పుడు వేస్తాం.

మా వాళ్ళు ఊరికే చెప్పేవారా? ఉప్పు తగ్గిందండీ, మనసెక్కడ పెట్టారో ఏమో అని ఒకావిడ దెప్పేది. నేను మూతి ముడుచుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ ముద్ద కోసమే నా వ్యాపారమంతా.

మా అక్క కూతురు బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి, దీన్ని స్టార్టప్ చేద్దామంది. పచ్చళ్ళ కొట్టుకూ దానికీ తేడా ఏమిటే, ఫోనులో అమ్మడమేనా అని అడిగాను.

"అది కాదు పిన్నీ. నువ్వు చెయ్యి పెడితేనే నడిచేది కొట్టు. నువ్వు లేకపోయినా నడిచి, ఊరూరా పెరిగేది స్టార్టప్పు."

అయితే ఇక నేనెందుకే అన్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను.

పిల్ల తెలివైనది, ఒళ్ళు దాచుకోదు. దాన్ని ఒక్క మాట అంటే ఊరుకోను. కాయలు దొరికేది అక్కడే గనక మైలవరం దగ్గర షెడ్డు వేసింది. ముక్కలకో మిషను, కలపడానికో మిషను, ఆఖరికి ఉప్పు తేల్చడానికీ ఓ పరికరం. మా వాళ్ళు నలుగురికీ అక్కడే ఉద్యోగాలిచ్చింది. పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకెళుతుంది. ఆదివారం చర్చిలో కలిసినా బట్టలుతుక్కోవాలంటూ ఇళ్ళకు పరుగు. నాకు మాత్రం డబ్బా మీద బొమ్మ దక్కింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

షెడ్డులో మొదటిసారి కలిపిన రోజు క్యారేజీలో వేడన్నం పెట్టుకుని వెళ్ళాను. అందరి తలలకూ టోపీలు, చేతులకు తొడుగులు. నేను వెళ్ళేసరికే మిషను గిన్నె కడిగేశారు. ఉప్పు గురించి దెప్పే ఆవిడే నా క్యారేజీ చూసి తల దించుకుంది.

"తిండి లోపలికి తేకూడదంటండీ," అంది మెల్లగా.

అన్నం తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఈ వేసవిలో ఉండబట్టలేక ఇంట్లో కొంచెం కలిపాను. జాడీకెత్తి, బేసిన్‌లో వేడన్నం వేశాను. అప్పుడే అక్క కూతురు ఫోన్ చేసింది. సంతోషంతో దానికి మాట తడబడుతోంది.

"పిన్నీ, ఈ ఏడు సరుకంతా మిషనుదే, నీ చెయ్యి అసలు పడలేదు. అచ్చం నీ రుచే వచ్చింది. కొన్నవాళ్ళలో ఒక్కళ్ళూ తేడా కనిపెట్టలేదు!"

నా తల్లే, గెలిచావు అన్నాను. మనసారా అన్న మాటే అది. భోంచేశావా అని అడిగింది. చేస్తున్నానన్నాను.

ఫోన్ పెట్టేసి, ఆవకాయ కలిపిన చేత్తోనే అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది. కారం వల్లేనని బుకాయించడానికి కూడా ఎదురుగా ఎవరూ లేరు. బేసిన్ ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియలేదు.