టాకీసుకు గాలి సోకిన ఎండాకాలం

మా కాలంలో చల్లదనం అంగట్లో దొరికే సరుకు కాదు. కుండలో కాస్త, వేపచెట్టు కింద కాస్త దొరికితే దొరికినట్టు. లేకుంటే విసనకర్ర ఉంది, చెయ్యి ఉంది. మే నెలలో మా పెనుకొండ కొండరాళ్ళు పొద్దు గూకినాక కూడా పెనంలా కాలుతుండేవి. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి 'చల్లగాలిని మిషన్‌తో తయారు చేస్తారంట' అని చెప్పి ఉంటే, పాపం ఎండదెబ్బ తగిలిందేమోనని నెత్తిన తడిగుడ్డ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. అటువంటిది, అరవైల మొదట్లో పెళ్ళయి హిందూపురానికి కాపురానికి వస్తే, మా ఇంటాయన చేసే ఉద్యోగమే అది! టాకీసు మిద్దె మీద కూర్చుని, కింద బొమ్మ చూసేవాళ్ళకు చల్లగాలి పంపడం. (సంబంధం తెచ్చినాయన 'పిల్లోడు గాలి పని చేస్తాడు' అని చెబితే మా నాయన, "గాలి పని చేస్తాండాడా, గాలికి తిరుగుతాండాడా, అది సరిగ్గా కనుక్కోండప్పా" అన్నాడు.)

మొదటిసారి అన్నం క్యారియరు పట్టుకుని ఆ ఇనుప నిచ్చెన ఎక్కిన రోజు నాకింకా కళ్ళ ముందే ఉంది. మిద్దె మీద ఒక చిన్న గదంత పెట్టె. దానికి మూడు పక్కలా గోడలకు బదులు వట్టివేళ్ళు కూరిన తడికలు. తడికల తల మీద వరసగా చిల్లులున్న గొట్టం, అందులోంచి నీళ్ళు వేళ్ళ మీదికి సన్నగా కారి, కింద తొట్టిలో పడి, పంపుతో మళ్ళీ పైకి పోతున్నాయి. పెట్టె లోపల ఎద్దులబండి చక్రమంత ఫ్యాను. అది తిరిగితే బయటి వడగాలి ఆ తడివేళ్ళ గుండా దూరి, చల్లబడి, రేకు గొట్టంలోంచి హాల్లోకి దిగుతుంది. చదువుకున్న మీకు ఇదంతా ఏమంత విచిత్రం కాకపోవచ్చు. పలక పట్టుకున్న కొన్నాళ్ళకే బడి మానేసిన నేను మాత్రం, నిప్పులు కురిసే ఆ మిట్టమధ్యాహ్నం ఆ పెట్టెలో చెయ్యి పెట్టి, తొలకరి వాసన పీల్చి, అట్లాగే నిలబడిపోయాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇక్కడ ఒక మనిషి మిద్దె మీద వానాకాలాన్ని పెట్టెలో పెట్టుకుని కూర్చున్నాడు! ఆ మనిషి నా మొగుడు! "ఏమ్మే, అన్నం పెడతావా, దేవున్ని చూసినట్టు చూస్తానే ఉంటావా?" అని ఆయన అడిగితేగాని క్యారియరు సంగతి గుర్తుకు రాలేదు.

రానురాను ఆ పెట్టె మర్మమంతా నాకూ తెలిసివచ్చింది. ముందు నీళ్ళు వదలాలి, వేళ్ళు నిండా తడిసినాకే ఫ్యాను వెయ్యాలి. తొందరపడి ఫ్యాను ముందు వేస్తే హాల్లో జనం మీదికి దుమ్మూ వడగాడ్పూ దిగుతాయి. మా ఊరి నీళ్ళు ఉప్పునీళ్ళు కాబట్టి గొట్టం చిల్లులు తెల్లగా పూడుకుపోయేవి. ఆయన ఇనుప తీగతో పొడుస్తుంటే, రాగిచెంబు తోమిన చేతులు ఊరుకుంటాయా, చారుకు పులుసు పిండినాక మిగిలిన చింతపండు పిప్పి తెచ్చి రుద్ది, చీపురుపుల్లతో పొడిచాను. చిల్లులు కొత్తవాటిలా తెరుచుకున్నాయి. తొట్టి కడిగినప్పుడు పారబోసే నీళ్ళను చూసి నా ప్రాణం ఊరుకునేది కాదు. ఊరంతా కొళాయి దగ్గర బిందెలతో కొట్టుకుంటుంటే అన్ని నీళ్ళు మిద్దె మీదినుంచి వీధిలోకి వదలడమా? బిందెతో దించుకుని ఇంట్లో బట్టలుతికేదాన్ని. దాంతో మా ఆయన చొక్కాలకు వట్టివేళ్ళ వాసన పట్టి, వీధిలో నడుస్తుంటే 'అత్తరు పూసుకుంటాండాడు' అని పుకారు పుట్టింది. పుట్టనీ, సబ్బు కలిసొచ్చింది.

ఇన్ని పనులు చేసినా నేను హాల్లో కూర్చుని బొమ్మ చూసింది లేదు. టాకీసు వాళ్ళం కాబట్టి టికెట్టు అక్కరలేదు, నిజమే. అయినా పట్టపగలు చేతులు ముడుచుకుని అంతసేపు కూర్చోవడానికి నాకు మనసొప్పేది కాదు. అందుకే తలుపుల అనే ఊరి నుంచి మా అవ్వ వచ్చి 'దేవుడి బొమ్మ ఆడుతాండాది కదే, పోదాం పా' అంటే, పక్కింటి ఆడవాళ్ళతో ఆమెను పంపి నేను అప్పడాల పిండి ముందు కూర్చున్నాను. అదే కొంప ముంచింది.

ఆడవాళ్ళ బెంచీలు గోడకున్న గాలి కంతకు సరిగ్గా కింద ఉండేవి. బొమ్మ మొదలైంది, చీకటి పడింది, పైన ఆయన నీళ్ళు వదిలి ఫ్యాను వేశాడు. జీవితమంతా శనక్కాయ చేలల్లో ఎండలో కాగిన మా అవ్వ మెడ మీద, నడివేసవిలో, చీకట్లో, కనపడని చల్లటి చెయ్యేదో వేసినట్టయింది. దానికితోడు వాన లేకుండా వాన వాసన. అవ్వ ఒళ్ళు జలదరించింది. ఒక్క కేక పెట్టింది. "గాలి! గాలి సోకిందే తల్లీ! లేయండి, లేయండి!" మా పక్క గాలి సోకడమంటే దయ్యం పట్టడమే. ఎవరు మాత్రం కూర్చుంటారు? చంకల్లో పిల్లలు, చేతుల్లో చెప్పులు, బెంచీలన్నీ ఖాళీ. మర్నాటికి ఊరంతా పాకింది, 'ఆ టాకీసులో గాలి ఉండాదంట' అని.

టాకీసు సావుకారి చెవిన ఈ దయ్యం మాట పడలేదు. ఆడవాళ్ళకు మిషన్ సంగతి తెలియక రావడం లేదనుకుని, జట్కా బండి కట్టించి, దాంట్లో రేకు బూర పట్టుకునే బూరమామను ఊరి మీదికి పంపాడు. బూరమామ గొంతు చించుకున్నాడు. "అమ్మల్లారా! అక్కల్లారా! మా టాకీసులో గాలి ఉండాది! లోపలికి వచ్చిన పతి ఒక్కరికీ గాలి సోకుతాది! పిల్లాజెల్లా అందరూ రండి!" జట్కా పోయిన వీధిలోనల్లా తలుపులు మూసుకున్నాయి. ఒక ముసలామె చీపురు పట్టుకుని బండి వెంట పడిందని చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం సావుకారి మిద్దెక్కి వచ్చాడు. "ఏమప్పా, ఆడోళ్ళు రాకుంటే మొగోళ్ళూ రారు. ధర్మవరంలో పట్టుచీరల అంగడాయన ఈ మిషన్ కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతాండాడు. ఈ వారం చూస్తా. బెంచీలు నిండకుంటే ఇచ్చేస్తా." సావుకారి పోయినాక మా ఆయన తడిగుడ్డతో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడిచాడు, దూడను అమ్మకానికి తోలేముందు ఒళ్ళు కడిగినట్టు. పెట్టె పోతే ఉద్యోగం పోతుంది. మళ్ళీ ఎండలో కూలిపని. అవ్వ పెట్టిన చిచ్చు అవ్వే ఆర్పాలనుకుని, మర్నాడు మధ్యాహ్నం ఆమెను చెయ్యి పట్టి ఇనుప నిచ్చెన ఎక్కించాను. (మధ్యలో ఆగి ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు.)

"చూడవ్వా, ఇదే నీ గాలి" అని మా ఆయన ముందు ఉత్త ఫ్యాను తిప్పాడు. వడగాలి వచ్చింది. ఆపి, నీళ్ళు వదిలి, వేళ్ళు తడిసినాక మళ్ళీ తిప్పాడు. అవ్వ చెయ్యి చాపింది. ముఖం పెట్టింది. కళ్ళు మూసుకుంది. "వాన గాలప్పా ఇది" అంది మెల్లగా. "మబ్బు లేని వాన గాలి. నువ్వేనా చేస్తాండేది?" అని ఆయన చేతులు రెండూ తిప్పి చూసి, పెట్టెకు దండం పెట్టింది.

"అయితే గాలి కాదని ఊళ్ళో చెప్పవ్వా" అన్నాను.

అవ్వ చప్పున కళ్ళు తెరిచింది. "నేనా? గాలి అన్న నోటితోనే కాదంటే, ముసిల్ది మాట మార్చిందనరా? గాలి ఉండాదన్నా. ఉండాది. దాన్ని కట్టేస్తా."

అన్నంత పనీ చేసింది. నలుగురు ఆడవాళ్ళను పిలుచుకుపోయి వాళ్ళ ముందే గాలి కంతకు వేపమండలు, నిమ్మకాయ కట్టింది. "ఇంగ భయం లేదు. రమ్మంటే వస్తాది, పొమ్మంటే పోతాది. మా మనవరాలి మొగుడు చెప్పినట్టు ఇంటాది" అంది. ఆ మాట వీధులన్నీ తిరిగేలోపే బూరమామ మళ్ళీ బయల్దేరాడు. "మా టాకీసులో గాలిని కట్టేసినాం! రండి!" ఈసారి మగవాళ్ళు టికెట్టు కంత దగ్గర తగువుకు దిగారు. "కట్టేస్తే సల్లగాలి యాడ వస్తాదప్పా? మరి రేటు తగ్గించు!"

తగ్గించే పని పడలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఆడవాళ్ళ బెంచీలు కిటకిటలాడాయి. కొందరు మే నెలలో దుప్పట్లు తెచ్చుకున్నారు. గాలిని కట్టేసిన మనిషి మనవరాలు బయట ఉంటే ఎట్లా అని అవ్వ నన్నూ లాక్కుపోయి కూర్చోబెట్టింది. దీపాలు ఆరాయి. కాసేపు ఉక్క. 'ఇప్పుడు నీళ్ళు వదిలుంటాడు' అనుకున్నాను. ఇంకా కాసేపు. 'ఇప్పుడు తడిసుంటాయి' అనుకున్నాను. వేపాకు కదిలింది. బెంచీలన్నిటి మీదా ఒక్కసారిగా 'అబ్బా' అని నిట్టూర్పు. అన్నాళ్ళూ మిద్దె మీద ఉండి నేను ఎరగనిది ఆ నిట్టూర్పే. తెర మీద దేవుళ్ళు ఏవేవో మహిమలు చేస్తున్నారు. నేను మాత్రం మెడ వెనక్కి తిప్పి ఆ గోడ కంత వైపే చూస్తూ కూర్చున్నాను. పక్కనున్నామె గిల్లింది. "బొమ్మ ఆడ ఉంటే యాడ చూస్తాండావమ్మీ?"

మొగుణ్ణి చూస్తున్నానని నలుగురిలో చెప్పే రోజులా అవి? పేరు కూడా పలకరాదాయె. "గాలిని" అన్నాను.

ఆమె దుప్పటి సర్దుకుని మెల్లగా బెంచీ ఆ చివరికి జరిగిపోయింది. దొరికిన చోటున కాళ్ళు చాపుకుని, నవ్వు కొంగుతో అదిమిపెట్టుకుని, ఆట అయ్యేదాకా అప్పటి నేననే ఆ పిచ్చిపిల్ల అట్లాగే కూర్చుంది. అంత చల్లటి మధ్యాహ్నం మళ్ళీ దాని బతుకులో రాలేదు.