పాలారు మీదుగా గుడియాత్తందాకా

మొన్న ఆదివారం వేలూరు బస్టాండులో నిలబడి ఉంటే, జనమంతా ఒక్కసారిగా తలెత్తి చూస్తున్నారని నేనూ చూశాను. కొండ మీదుగా నారింజరంగు పారాగ్లైడరు ఒకటి, విచ్చుకున్న గుడ్డ కింద మనిషి వేలాడుతూ, తాపీగా తేలిపోతోంది. పక్కనున్న కాలేజీ అమ్మాయిలతో నేనూ ఒకనాడు అలా పోయినదాన్నే అని చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని, మోకాళ్ళకు పట్టీలు చుట్టుకున్న రిటైరు పంతులమ్మ మాట ఎవరు నమ్ముతారని ఊరుకున్నాను. మీరైతే నమ్ముతారు, నా ఈడువాళ్ళు కదా.

అప్పుడు నాకు ముప్పయ్యేళ్ళు. మా తమ్ముడు ఎక్కడో ఈ విద్య నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన పారాగ్లైడరు ఒకటి కొనుక్కొచ్చి, నాకూ నేర్పాడు. ఆదివారాల్లో ఊరవతల కొండ మీంచి పరుగెత్తి గాలిలోకి లేచి, అయిదు నిమిషాల్లో కింద బీడులో దిగేవాళ్ళం. అంతే మా విన్యాసం. పొన్నైలో సేద్యం చూసుకుంటూ అప్పుడప్పుడు మా దగ్గరికి వచ్చే నాయనకు, కొండెక్కి వస్తామని మాత్రం చెప్పేవాళ్ళం. దిగేది ఎట్లాగో ఆయన అడగలేదు, మేము చెప్పలేదు.

ఆ రోజు నేను గాలిలోకి లేచేసరికి రెండు గద్దలు రెక్కలాడించకుండానే చక్కర్లు కొడుతూ పైకి పోతున్నాయి. వాటి పక్కకు తిరిగానో లేదో, వేడిగాలి నన్నూ ఎత్తుకుంది. కొండ అరచేయంత అయింది. భయమేసి, దిగిపోనా అని వైర్‌లెస్‌లో తమ్ముణ్ణి అడిగాను.

"దిగొద్దక్కా, గాలి బాగుండాది, అట్లే పో" అన్నాడు. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ వినపడలేదు.

పోయాను. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. కింద పాలారు నీళ్ళు లేక తెల్లటి ఇసుక దారిలా పరుచుకుని ఉంది, దాని పక్కనే కొబ్బరితోటలు, అగ్గిపుల్లల పెట్టెంత రైలు. నేను పాడుతున్నానని నాకే కాసేపటికి గాని తెలియలేదు. గుడియాత్తం వీధుల్లో నేతవాళ్ళు ఆరబెట్టిన రంగురంగుల నూలు కనిపించే వేళకు, ఎత్తిన గాలే నన్ను వదిలేసింది. ఊరవతల వేరుశనగ చేనులో, చెట్లు పీకుతున్న ఆడవాళ్ళకు పది బారల దూరంలో కూలబడ్డాను.

వాళ్ళు పరుగున వచ్చి అరవంలో ఏదేదో అడుగుతుంటే, నేను మోకాలు పట్టుకుని "అమ్మా" అని తెలుగులో మూలిగాను. వాళ్ళలో పెద్దామె ముఖం విచ్చుకుంది.

"మనోళ్ళ బిడ్డేనే! యాడ నుంచి వచ్చినావమ్మా?"

వేలూరు నుంచి అంటే, బస్సులు లేవా అని అడిగింది. రాగి అంబలి తాగించి, గుడ్డ మడత పెట్టడానికి నలుగురినీ పురమాయించి, రోడ్డు మీది టెలిఫోను బూతుదాకా వెంట వచ్చింది. ఇంటికి ఫోను చేస్తే ఎత్తింది, ఆ పొద్దే పొన్నై నుంచి వచ్చిన నాయన. తమ్ముడు నన్ను వెతుకుతూ తిరిగి తిరిగి, చివరికి ఉన్నదంతా చెప్పేశాడట. గుడియాత్తం బస్టాండులో కూర్చో, నేను వస్తాను అని మాత్రం నాయన అన్నాడు.

వచ్చాడు. నన్ను తల నుంచి పాదందాకా చూశాడు, మడిచిన గుడ్డ మూటను తానే ఎత్తుకుని బస్సెక్కాడు. బస్సులో కండక్టరు ఆ మూటను లుంగీల బేరగాడి సరుకనుకుని టాపు మీద వేయమన్నాడు. నాయన కదల్లేదు. నా బిడ్డ ప్రాణం దీనికే వేలాడింది, పైన వేసేది లేదు అని అరవంలో చెప్పి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని నేను కిటికీలోంచి చూస్తున్నాను. సగం దారి అయ్యాక మెల్లగా అడిగాడు.

"పైనించి మన చేను కనిపించినాదా అమ్మా?"

పొన్నై ఆ దిక్కు కాదు నాయనా, కనిపించలేదు అన్నాను.

"అట్లయితే ఈసారి ఆ పక్కకు పో" అన్నాడు.

ఇప్పుడు ఎగిరేవాళ్ళు ఎక్కడ దిగారో ఫోనే చెబుతుందట, గుడ్డ మడిచేలోపు కారు వచ్చి నిలబడుతుందట. మంచిదే, ఇంట్లోవాళ్ళకు ఆ గుబులు ఉండదు. కాని అంత దూరం ఎగిరిన ఆ రోజులో నాకు ఇప్పటికీ తనివి తీరనిది ఆ బస్సు ప్రయాణమే. అది ఇంకొంచెం నెమ్మదిగా పోయి ఉంటే, నాయన ఇంకేమేమి అడిగేవాడో.